గాజుకాళ్ళదాని పిల్ల

పోయినవారం పోలికలాయనని లాయం వెనక గడ్డిమోపు మీద కూర్చోబెట్టి వదిలేశాం. చేతిలో టీగ్లాసు ఉంది. ఎదురుగా మీసాల మంత్రసాని నిలబడి, "ఒక మాట చెప్పాలి బావా. చెబితే తిడతావు, చెప్పకపోతే రేపు కొడతావు" అన్నాడు.

నడుమలో వచ్చి చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు. పోలికలాయన పందేల మైదానంలో పాతకాపు. పరుగు తీసి పేరు తెచ్చుకున్న గుర్రాల జోలికి పోడు. ఇంతవరకూ ఒక్క పందెంలోనూ దిగని కుర్రగుర్రాల మీదే ఆయన మాట. దిగని గుర్రం ఎలా పరిగెడుతుందో ఎవడికి తెలుస్తుంది? దాని తల్లికి తెలుస్తుంది, అంటాడాయన. తండ్రిగుర్రానికి ఏటా ఊరినిండా పిల్లలే. వాటిలో ఏదో ఒకటి గెలుస్తుంది, దాని పేరు చెప్పి మిగతావన్నీ అమ్ముకుంటారు. తల్లికి ఏడాదికి ఒకటే కాన్పు. అది ఏదీ దాచుకోలేదు. అందుకని తల్లిని చూడాలి. చిన్నతనంలోనే గెలిచిందా, ఆలస్యంగా అందుకుందా? పొట్టిపరుగుదా, పొడుగుపరుగుదా? ముందుకాన్పుల పిల్లలు తొలిపందెంలో బెదిరాయా, నిలిచాయా? దాని అక్కచెల్లెళ్ళ కాళ్ళు ఎన్నాళ్ళు ఆగాయి? ఇవన్నీ నలుగురినీ అడిగి, చివరికి ఆ తల్లి ఉన్నచోటికి తానే పోయి, కంచె పట్టుకుని దాని నడక చూసి వచ్చి, టీకొట్టు దగ్గర ఒక్క మాట అంటాడు. మైదానంలో దాన్ని "తల్లిమాట" అంటారు. తల్లిమాట పడిందంటే ఇక జనం జేబులు తడుముకోవడమే.

"పాడి చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తీసుకోమన్నారు పెద్దలు" అంటాడు ఎవరైనా వాదానికి వస్తే. కోడల్ని తెచ్చుకున్నప్పుడు కూడా పిల్లని చూడకుండా వియ్యపురాలి నడక చూసి ఖాయం చేశాడని టీకొట్టువాడు ఇప్పటికీ నవ్విస్తుంటాడు. అది నిజమే.

ఆ కోడలు ఇప్పుడు ఆయన కొడుకు భార్య కాదు, కొడుకు పోయాక మిగిలిన మనిషి. కొడుకు జాకీ. పరుగు మధ్యలో గుర్రం కూలి, దాని కింద పడి పోయాడు. గుర్రం విరిగిన కాలితో బతికి, పిల్లల కోసమని లాయంలో ఉండిపోయింది; పోలికలాయన మళ్ళీ దాని వంక చూడలేదు. ఆ గుర్రానికి పోలికలాయన దుఃఖంలో ఒక పేరు పెట్టాడు. గాజుకాళ్ళది. దాని అసలుపేరు మైదానం మరిచిపోయింది. ఈ పేరు మరవలేదు.

కోడలు మొగుడు పోయిన మైదానంలోనే పొద్దుటిపూట గుర్రాలకి పరుగు నేర్పుతుంది. ఆదివారం తొలిసారిగా పందెంలో ఎక్కబోతోంది. ఎక్కబోయేది ఒక ఎర్ర గుర్రప్పిల్ల. దానికీ ఇదే తొలిపందెం. "తల్లి బూడిదమ్మ. రాతికాళ్ళు. నిర్భయంగా ఎక్కించండి" అని పోలికలాయన తల్లిమాట ఇచ్చాడు కనకనే కొత్త ట్రైనరు ఒప్పుకున్నాడు.

ఇక వినండి.

"తిట్టేదేమిటో ముందు చెప్పరా" అన్నాడు పోలికలాయన.

మంత్రసాని అంటే ఆడమనిషి కాదు. బారెడు మీసాలున్న మగవాడు. ఆ లాయంలో గుర్రాలకి పురుడు పోసేది అతనే కాబట్టి ఆ పేరు. అతను మీసం చివర నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు.

"ఎర్రపిల్లకి తల్లి ఏదని నన్నడిగావు. గుర్తుందా?"

"బూడిదమ్మ అన్నావు."

"అన్నాను. అబద్ధం ఆడలేదు."

"ఆడావని ఎవరన్నారు?"

"రేపు నువ్వే అంటావు. చూడు బావా, మా లాయంలో తల్లి అంటే పాలిచ్చింది. ఈనినదాన్ని ఈనింది అనే అంటాం. మా నాన్న అట్లానే అనేవాడు, నేనూ అంతే. నువ్వు తల్లి ఏదన్నావు, చెప్పాను. ఈనిందేదని అడగలేదు."

పోలికలాయన నవ్వాడు. మంత్రసాని మాటలకి నవ్వడం ఆయనకి అలవాటు. సగం నవ్వాక అవతలి మొహం చూశాడు. మిగతా సగం గొంతులోనే ఉండిపోయింది.

"బూడిదమ్మ ఆ ఏడు చూలు కట్టి ఉంది. కడుపు నేను కళ్ళారా చూశాను."

"ఈనింది. చచ్చినపిల్లని ఈనింది. ఆ తెల్లవారుజామునే పక్క గదిలో ఇంకోటి బతికినపిల్లని ఈని, మళ్ళీ లేవలేక అక్కడే కన్నుమూసింది. ఇటు పిల్ల లేని తల్లి, పొదుగు పగిలిపోతోంది. అటు తల్లి లేని పిల్ల, కాళ్ళ మీద నిలబడటానికి చూస్తోంది. ఏం చెయ్యమంటావు? చచ్చినపిల్ల తోలు ఒలిచాను. తడి ఆరకముందే ఈ పిల్ల మీద కప్పి, తాడేసి కట్టి, బూడిదమ్మ దగ్గరికి తోశాను. అది వాసన చూసింది. తన్నింది. మళ్ళీ వాసన చూసింది. తన పిల్ల వాసనే. కానీ అరుపు వేరు. చాలాసేపు దానికేమీ పాలుపోలేదు. చివరికి నాకింది. అప్పుడు నేను ఆ గోడకి ఆనుకుని ఏడ్చానంటే నమ్మవు."

పోలికలాయన నమ్మాడో లేదో చెప్పలేదు. "పోయిందెవరు?" అన్నాడు.

మంత్రసాని మళ్ళీ మీసం చివర నోట్లో పెట్టుకున్నాడు.

"దాని పేరేమిట్రా?"

"నువ్వు పెట్టిన పేరే, బావా."

టీగ్లాసు పోలికలాయన చేతిలోనే ఉంది. దాన్ని జాగ్రత్తగా నేల మీద పెట్టాడు, పగిలేదేదో అందులో ఉన్నట్టు. ఆయనకి కోపం రావాలి. రాలేదు. ముందు వచ్చింది కోడలి మొహం. పొద్దున టోపీ కింద జుట్టు దోపుకుంటూ, "ఆదివారం మీరు కంచె దగ్గరే నిలబడాలి మావయ్యా, గుంపులో దూరిపోకండి" అన్న మొహం.

"నా కొడుకుని చంపినదాని పిల్ల" అన్నాడు. "దాని మీద నా కోడల్ని ఎక్కించమని నా నోటితో నేనే చెప్పాను. నువ్వు వింటూ నిలబడ్డావు."

"నిలబడ్డాను. ఇంకోటి కూడా చూస్తూ నిలబడ్డాను, అది నువ్వు చూడలేదు." మంత్రసాని గొంతు పెరిగింది. "నువ్వు ఆ పేరు పెట్టావు. నీ దుఃఖం నీది, కాదనను. కానీ నీ నోట పడ్డ మాట తల్లిమాట. ఆ రోజునుంచి దాని అక్కచెల్లెళ్ళని ఎవడూ గడ్డికైనా అడగలేదు. దాని అక్కకూతురు మచ్చలేని పిల్ల, ఒక్క పందెం ఎక్కలేదు. ఇటుకల బండికి కట్టారు. ఇటుకల బండికి బావా! ఆ పేరు ఎర్రపిల్లకి కూడా తగిలించమంటావా? నా చేత్తో బతికించినదాన్ని నా నోటితో చంపుకోనా?"

"మరి ఇవాళెందుకు చెప్పావు?"

"రేపు పందెంపుస్తకం అచ్చవుతుంది. ఈనినదాని అసలుపేరు అందులో పడుతుంది. ట్రైనరు కొత్తవాడు, ఆయనకి అది ఉత్త పేరు. పాతవాళ్ళకి కాదు. వాళ్ళ నోటి వెంట నువ్వు వినకూడదు. అంతే."

పోలికలాయన లేచాడు. మంత్రసాని చెయ్యి అందించాడు. ఆయన పట్టుకోలేదు.

కోడలు గుర్రాల్ని కడిగే గట్టు దగ్గర ఉంది. ఎర్రపిల్ల ముందరికాళ్ళ మీద గొట్టంతో చన్నీళ్ళు పోస్తోంది. పిల్ల బుద్ధిగా నిలబడి, ఆమె భుజం మీద గడ్డం ఆనించి, కునికిపాట్లు పడుతోంది. ఇంకొకరి దగ్గరైతే ఈపాటికి బకెట్టు తన్నేసేది. పోలికలాయన ఆ కాళ్ళ వంక చూశాడు. ఇన్నాళ్ళూ చూసిన కాళ్ళే. నిన్నటిదాకా రాయిలా కనిపించినవి ఇవాళ చూస్తే సన్నగా, తడితో మెరుస్తూ, చూడబుద్ధి కాకుండా ఉన్నాయి.

"అమ్మాయ్. ఆ పిల్లని వదిలెయ్."

"ఈ కాలొకటి తడిపి వదిలేస్తాను మావయ్యా."

"ఆదివారం సంగతంటున్నాను."

ఆమె వంగినది వంగినట్టే ఆగింది. నీళ్ళు కట్టేసింది. "మంత్రసాని బాబాయి చెప్పేశాడా?"

పోలికలాయనకి ఒక్క క్షణం ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టు మీద కూలబడ్డాడు.

"నీకు తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు. దీన్ని పరుగు నేర్పమని నా చేతికిచ్చిన రోజే బాబాయిని పట్టుకుని అడిగాను. ఈనిందెవరని అడిగాను."

"తెలిసి ఎక్కుతున్నావా? మొగుణ్ణి మింగినదాని పిల్లని..."

"ఆ మాట అనకండి. వినపడుతుంది."

"గుర్రానికేం వినపడుతుంది!"

"గుర్రానికి కాదు, నాకు."

ఆమె గొంతులో కోపం లేదు. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న మూట దించడానికి చోటు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. గొంతుక్కూర్చుని ఎర్రపిల్ల కాలు తుడవడం మొదలుపెట్టింది. చేతికి పని ఉంటే తప్ప ఆ మాట చెప్పలేదు కాబోలు.

"ఆ రోజు మీరంతా మెట్ల మీద ఉన్నారు. మీకు దుమ్మే కనపడింది. నేను అవతలి మలుపు దగ్గర కంచె పట్టుకుని ఉన్నాను. నాకు అన్నీ కనపడ్డాయి. ముందు పడింది గుర్రం కాదు మావయ్యా. ఆయన."

ఆమె తుడుస్తున్న కాలు వదిలి రెండోకాలు అందుకుంది.

"చేతులు వదిలేశారు. పగ్గం జారిపోయింది. తల ఇలా ఒక పక్కకి లాగేసింది. ఒళ్ళంతా కొయ్యబారిపోయి, మూటలాగా జారి దాని కాళ్ళ ముందు పడ్డారు. అది ఆయన్ని తొక్కకూడదని గాల్లోనే పక్కకి తిరిగింది. అంత వేగంలో ఏ గుర్రమూ అట్లా తిరగదు. తిరిగినచోట దాని కాలెముక చిట్లింది. కాలు విరిగి పడటం కాదు, పడినవాణ్ణి తప్పించబోయి కాలు పోగొట్టుకుంది."

"కొయ్యబారడమేమిటి? వాడికేం రోగం?"

ఆమె గుడ్డ పిండింది. ఒక్క చుక్క రాకపోయినా పిండుతూనే ఉంది.

"పెళ్ళయిన ఏడే చూశాను. అన్నం తింటూ తింటూ చూపు నిలిచిపోయింది. నురగ వచ్చింది. కాసేపటికి లేచి, ఎవరికీ చెప్పకు, చెబితే గుర్రమెక్కనివ్వరు అని నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. ఏడాదికి ఒకసారో, అదీ లేకుండానో వచ్చేది. గుర్రం మీద ఎప్పుడూ రాలేదు. ఆ రోజు తప్ప."

"మా వంశంలో ఎవరికీ లేదు" అన్నాడు పోలికలాయన. అలవాటుగా వచ్చిన మాట. తండ్రినీ, తాతనీ, అన్నదమ్ములనీ వరసగా తలుచుకున్నాడు. ఎవరికీ లేదు.

"మీ వైపు లేదు." ఆమె తలెత్తింది. "అత్తయ్య తమ్ముడు ఈత రాక పోయాడని కదా మీకు చెప్పారు?"

"ఆ."

"ఆయనకి ఈత వచ్చు, మావయ్యా. మోకాలి లోతు నీళ్ళలో పోయాడు."

లాయంలో ఎక్కడో ఒక గుర్రం గిట్టతో తలుపుని తంతోంది. ధన్, ధన్ మని. ఎవరో దాన్ని అదిలించారు. పోలికలాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బావమరిది పోయినప్పుడు భార్య ఏడవలేదని ఆయనకి గుర్తొచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటికి కడుపుతో ఉంది. భయపడిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అలిసిపోయిందనుకున్నాడు.

"మా అమ్మ నడక చూసి నన్ను తెచ్చుకున్నారు" అంది కోడలు, మెత్తగా. "అత్తయ్య వైపు మాత్రం ఎవరూ చూడలేదు. మీతో అనే ధైర్యం ఆవిడకి లేదు. ఆయన పోయాక నేను అందామనుకున్నాను. అత్తయ్య కాళ్ళు పట్టుకుంది నావి. అత్తగారు కోడలి కాళ్ళు పట్టుకుంటే ఏం చెయ్యను? ఊరుకున్నాను. మీరు గుర్రాన్ని తిట్టుకున్నారు. తిట్టుకోనీ, దానికేం తెలుస్తుందనుకున్నాను. కానీ దాని వాళ్ళందరికీ పడింది ఆ తిట్టు. అది పోయినరోజు బాబాయి వచ్చి చెబితే, స్నానాలగదిలోకి పోయి నీళ్ళు వదిలేసి ఏడ్చాను. ఇది ఎదిగి వచ్చాక అనుకున్నాను, దీన్నయినా నేను ఎక్కాలి అని. అందరి కళ్ళ ముందూ ఎక్కి, ఆ తిట్టు దించాలి."

"మరి ఇవాళే నాకు చెప్పాలని నీకెందుకనిపించింది?"

"రేపు పుస్తకం వస్తుందిగా. పొద్దున అత్తయ్యతో చెప్పే వచ్చాను, ఇవాళ మీకు చెప్పేస్తానని. ఆవిడ ఏమీ అనలేదు. బియ్యం ఏరుతూ కూర్చుంది."

పోలికలాయన చెయ్యి చాచి ఎర్రపిల్ల ముందరికాలు పట్టుకున్నాడు. మోకాలి కిందినుంచి గిట్ట దాకా తడిమాడు. వేడి లేదు, వాపు లేదు. నరం బిగువుగా, శుభ్రంగా ఉంది. ఈ కాలే పట్టుకుని ఎన్నిసార్లు బూడిదమ్మ పోలిక, బూడిదమ్మ పోలిక అన్నాడు! పిల్ల వంగి ఆయన చెవి దగ్గర ఊదింది. ఆయన దాన్ని తోసెయ్యలేదు. ఏడుపు రాని మనిషి ఏడిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆయన మొహం. కోడలు అటు తిరిగి నిలబడింది, చూడకూడదని.

అప్పుడే ట్రైనరు వచ్చాడు. చంకలో కాగితాలున్నాయి, చెవి వెనక పెన్సిలుంది. ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి, మంచివాడే.

"పెద్దాయనా, ఆఫీసు మూసేస్తారు. ఆదివారానికి జాకీ పేరు ఇచ్చేయాలి. మీ అమ్మాయి పేరు రాసేస్తున్నాను. తల్లిమాట తల్లిమాటేగా?"

చెప్పకుండా ఊరుకోవచ్చు. రేపటిదాకా ఎవరికీ తెలియదు, అప్పటికి పేరు పడిపోతుంది. పోలికలాయన ఎన్నో తప్పులు చేశాడేమో కానీ, తల్లి విషయంలో తెలిసి అబద్ధమాడలేదు.

"దీన్ని ఈనింది బూడిదమ్మ కాదు, ట్రైనరుగారూ. బూడిదమ్మ పాలిచ్చి పెంచింది. ఈనింది గాజుకాళ్ళది."

ట్రైనరు టీకొట్టు దగ్గర ఆ పేరు వినే ఉన్నాడు. పెన్సిలు చెవి వెనకనుంచి తీయబోయినవాడు ఆగాడు. "మీ అబ్బాయి పోయిన గుర్రమా?"

"అదే. ఆ పేరు నేను పెట్టాను. తప్పుగా పెట్టాను. దాని కాళ్ళు మంచివి. దాని వాళ్ళ కాళ్ళూ మంచివే. ఇదే నా తల్లిమాట."

"పెద్దాయనా, నన్ను మన్నించాలి." ట్రైనరు గొంతు తగ్గించాడు. "మీరు కొడుకుని పోగొట్టుకున్నారు, నేను మీకు చెప్పదగ్గవాణ్ణి కాదు. కానీ నిన్నటిదాకా గాజు అన్నారు, ఇవాళ మంచివంటున్నారు. మీ అబ్బాయి ఆషామాషీ జాకీ కాదు. అంత మంచి కాళ్ళున్న గుర్రం మీంచి అంత మంచి జాకీ ఎలా పడ్డాడు? ఆ ఒక్కటీ చెప్పండి. చెబితే అమ్మాయి పేరు రాస్తాను. లేకపోతే రాయలేను. ఆ ఇంట్లో ఇంకొకరిని కూడా చంపానన్న మాట నేను పడలేను."

జవాబు పోలికలాయన నాలుక చివర ఉంది.

జాకీలు ఒకరి ప్రాణం ఒకరు నమ్ముకుని పరిగెడతారు. ఒకడు పడితే వెనకున్న గుర్రాలన్నీ వాడి మీదే పడతాయి. పరుగు మధ్యలో ఒళ్ళు కొయ్యబారుతుందని తెలిసీ, దాచి, ఎక్కిన మనిషిని వాళ్ళు ఏమంటారు? జాకీల గదిలో కొడుకు ఫొటో ఉంది. పందేనికి బయల్దేరే కుర్రాళ్ళు ఆ ఫొటో కింద చెయ్యి ఆనించి మరీ వెళ్తారు. ఇప్పుడు నోరు విప్పితే సాయంత్రానికి ఆ మేకు ఖాళీ అవుతుంది. విప్పకపోతే చచ్చిన గుర్రం గాజుకాళ్ళదిగానే ఉండిపోతుంది, దీన్ని రేపో మాపో ఇటుకల బండికి కడతారు, కోడలు ఈ జన్మకి పందెమెక్కదు.

ఆయన కోడలి వంక చూశాడు. ఎర్రపిల్ల మెడ చాటున నిలబడి ఆమె తల అడ్డంగా ఊపుతోంది. వద్దు, వద్దని. నాకు ఎక్కకపోయినా ఫరవాలేదు, ఆయన పేరు పాడుచెయ్యకండి అని. కళ్ళనిండా నీళ్ళు, అయినా ఊపుతూనే ఉంది.

"పెద్దాయనా?" అన్నాడు ట్రైనరు.

వెనక గేటు చప్పుడైంది. పోలికలాయన తిరిగి చూడలేదు. తిరిగి చూసింది కోడలు. ఆమె తల ఊపడం ఆపేసింది.

లాయం వాకిట్లో ఒక ముసలావిడ నిలబడి ఉంది. కొడుకు పోయాక ఆ గేటు దాటి రాని మనిషి. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వచ్చినట్టుంది, పాదాలనిండా దుమ్ము. కొంగుకి ఇంకా బియ్యపు తవుడు అంటుకునే ఉంది. గుర్రాల మధ్యనుంచి, ఎవరినీ తప్పుకోమనకుండా, నేరుగా నడుచుకుంటూ వచ్చి మొగుడి పక్కన ఆగింది. ఆయన మొహం చూడలేదు. ట్రైనరు మొహమే చూసింది.

"ఆయన్నడక్కండి బాబూ" అంది. "ఆయనకి ఇవాళే తెలిసింది. నాకు వాడు కడుపులో ఉన్నప్పట్నుంచీ తెలుసు."